పరమాణువు జారితే పాతాళం గుట్టు

ఫిలింనగర్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా లిఫ్టెక్కి మూడంతస్తులు పైకి వెళ్తే మనిషి బరువు తగ్గుతుంది. 70 కిలోల మనిషికి సుమారు 0.2 గ్రాము. జిమ్ముకు డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి అన్నం మానక్కర్లేదు. భూమికి ఒక్క మీటరు ఎడంగా జరిగితే చాలు, గురుత్వాకర్షణ కోటిలో మూడు వంతులు తగ్గుతుంది. పది మీటర్లు జరిగితే కోటిలో ముప్పై. ఇంట్లో ఉండే తూకం మిషన్‌కు ఇంత చిన్న తేడా అందదు. లేజర్ కాంతితో చల్లబరిచిన పరమాణువులకు మాత్రం ఇది చాలా పెద్ద తేడా. పది మీటర్లు ఎందుకు, మూడు మిల్లీమీటర్ల ఎత్తు మారినా అవి పసిగట్టేస్తాయి.

ఎత్తు సంగతే కాదు, కాళ్ల కింద ఏముందో కూడా వాటికి తెలుస్తుంది. గట్టి బండ ఉంటే లాగుడు ఎక్కువ, బోలుగా ఉంటే తక్కువ. వానలకు నేలలో నీరు ఊరితే మళ్లీ కాస్త పెరుగుతుంది. తవ్వకుండా, డ్రిల్లు దించకుండా ఆ తేడాను పట్టుకునే విద్యకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు శీతల పరమాణువుల క్వాంటమ్ సెన్సింగ్. గత ముప్పై ఏళ్లలో ఇది ప్రయోగశాల బల్ల మీద నుంచి అగ్నిపర్వతం అంచుకు, ఓడ డెక్కు మీదకు, అంతరిక్ష కేంద్రంలోకి చేరింది. దీని వెనక నోబెల్ గ్రహీతలున్నారు, ప్రభుత్వాల వేల కోట్లున్నాయి. వాళ్లందరికన్నా ఎక్కువ గంటలు ఆ యంత్రం పక్కన గడిపే మనుషులు ఇంకొందరున్నారు. వాళ్లే పోస్ట్‌డాక్‌లు.

రాయి మీద కట్టిన ఊరు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ రెండూ రాతిగుట్టల మీద లేచిన కాలనీలు. 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టేనాటికి ఈ వైపంతా బండలూ తుప్పలే. పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న కొద్దీ గుట్టలు పగిలి రోడ్లయ్యాయి, బంగళాలయ్యాయి. పాత రూపం చూడాలంటే ఇప్పుడు కేబీఆర్ పార్కులోకి వెళ్లాలి. అక్కడ బొర్లించినట్టుండే బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్.

ఆ గ్రానైట్‌తో చిక్కేమిటంటే, అది నీటిని తనలో ఇముడ్చుకోదు. పైన శిథిలమైన మొరం పొరలో, లోపలి పగుళ్లలో ఎంత నిలిస్తే అంతే. అందుకే పక్కపక్క ప్లాట్లలో ఒక బోరు ఉరకలేస్తుంది, రెండోది దుమ్ము కక్కుతుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని స్థలమంతా తిరిగి నీళ్లు చూసేవాళ్లకు నగరంలో నేటికీ గిరాకీ తగ్గకపోవడానికి కారణం ఇదే.

శాస్త్రీయంగా ఈ పని చేసే పెద్ద సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ పిలిచే పేరు ఎన్‌జీఆర్‌ఐ. ఉప్పల్ రోడ్డులోని ఈ సంస్థ దశాబ్దాలుగా దేశమంతటా గురుత్వ, అయస్కాంత క్షేత్ర సర్వేలు చేస్తోంది. విజయవాడ హైవే మీది చౌటుప్పల్‌లో దీనికి అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. ఫ్రాన్స్ భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎంతో కలిసి నడిపే భూగర్భజల పరిశోధన కేంద్రం తరఫున గ్రానైట్‌లో నీటి కదలికను గమనించే ప్రయోగ బావుల క్షేత్రమూ అక్కడే ఉంది.

గ్రానైట్ నేలలో నీటిని బరువు ద్వారా కొలవడం ఎంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. గురుత్వాన్ని కొలిచే ప్రమాణానికి గెలీలియో పేరు మీద గాల్ అని పేరు. అందులో పది లక్షల వంతు మైక్రోగాల్, అంటే మన మీద పనిచేసే గురుత్వంలో దాదాపు వంద కోట్లలో ఒక వంతు. నేల మీద విశాలంగా మీటరు మందాన ఉత్త నీరు పరిస్తే గురుత్వం 42 మైక్రోగాల్‌లు పెరుగుతుంది. గ్రానైట్‌లో ఖాళీ జాగా ఒకటి రెండు శాతమే కాబట్టి నీటిమట్టం మీటరు లేస్తే పెరిగేది అర మైక్రోగాల్‌కు అటూ ఇటూ. మంచి వానాకాలంలో నాలుగైదు మీటర్లు లేచిందనుకున్నా రెండు మూడు మైక్రోగాల్‌లు దాటదు.

స్ప్రింగుకు బరువు వేలాడదీసి కొలిచే మామూలు గ్రావిమీటర్లకు ఇంత నికరంగా, నెలల తరబడి చెప్పడం చేతకాదు. లోహపు స్ప్రింగు రోజులు గడిచేకొద్దీ సాగుతుంది, ఎండకు ఒకలా చలికి ఒకలా ఉంటుంది. సర్వే బృందం తరచూ మొదటి చోటికి తిరిగొచ్చి లెక్క సరిచూసుకోవాలి. శూన్యంలో అద్దాన్ని జారవిడిచి కొలిచే యంత్రాలు నికరమైనవే కానీ, అందులో కదిలే భాగాలు అరిగిపోతాయి. అరగనిదీ సాగనిదీ ఒకటుంది. రుబీడియం పరమాణువు ఫిలింనగర్‌లో ఎలా ఉంటుందో ఫ్రాన్స్‌లోనూ అలాగే ఉంటుంది, ఇవాళ ఎలా ఉందో వందేళ్లకూ అంతే.

50 వేల తాకిళ్లు

రుబీడియం వెండిలా మెరిసే మెత్తని లోహం. దాని ఆవిరిని గది వేడిలో వదిలితే ఒక్కో పరమాణువు సెకనుకు సుమారు 290 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. అంత వేగంగా పోయేదాన్ని జారవిడిచి కొలవడం జరిగే పని కాదు. ముందు దాన్ని ఆపాలి.

ఆపే సాధనం కాంతి. కంటికి కనీకనపడనంత ముదురు ఎరుపులో, 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కిరణాలను ఆరు వైపుల నుంచి పరమాణువుల మీదకు పంపిస్తారు. వాటి పౌనఃపున్యాన్ని పరమాణువుకు నచ్చే దానికన్నా రవ్వంత తక్కువలో నిలుపుతారు. డాప్లర్ ప్రభావం వల్ల, ఏ కిరణానికి ఎదురెళ్తుందో ఆ కిరణమే పరమాణువుకు సరిగ్గా సరిపోతుంది. అలా మింగిన ప్రతి ఫోటాన్ దాని వేగాన్ని సెకనుకు ఆరు మిల్లీమీటర్ల మేర తగ్గిస్తుంది. 50 వేల ఫోటాన్లు తాకేసరికి పరుగు దాదాపు ఆగిపోతుంది. ఇదంతా జరగడానికి పట్టేది కొద్ది మిల్లీసెకన్లే.

వేగం తగ్గడమంటే చల్లబడటమే. పరమ శూన్య ఉష్ణోగ్రత మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. దానికి ఒక డిగ్రీలో పది లక్షల వంతు ఎడంలో, అంటే ఒక మైక్రోకెల్విన్ దగ్గర, రుబీడియం పరమాణువు సెకనుకు రెండు సెంటీమీటర్లలోపే కదులుతుంది. 1985లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీవెన్ చూ బృందం సోడియం పరమాణువులను 240 మైక్రోకెల్విన్ దాకా చల్లబరిచింది. సిద్ధాంతం ప్రకారం అంతకన్నా కిందికి దిగడం కుదరదనుకున్నారు. 1988లో విలియం ఫిలిప్స్ బృందం కొలిచి చూస్తే 40 చిల్లర వచ్చింది! ప్రయోగం సిద్ధాంతం చెప్పినదానికన్నా బాగా పనిచేయడం భౌతికశాస్త్రంలో అరుదు. ఎందుకలా జరిగిందో విప్పి చెప్పినవారిలో ముఖ్యుడు ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ కోహెన్ టనూజీ. ఈ ముగ్గురికీ 1997లో నోబెల్ వచ్చింది.

ఇంకా కిందికి, నానోకెల్విన్‌లలోకి దిగితే పరమాణువులు విడివిడి రేణువుల్లా ఉండటం మానేసి అన్నీ ఒకే తరంగంగా కలిసిపోతాయి. ఢాకాలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ 1924లో రాసిన వ్యాసంతో మొదలై, ఐన్‌స్టీన్ చేతిలో పూర్తయిన ఊహ ఇది. నిజమవడానికి 1995 జూన్ 5 దాకా పట్టింది. ఆ రోజు కొలరాడోలోని బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ సుమారు రెండు వేల రుబీడియం పరమాణువులను 170 నానోకెల్విన్‌కు తెచ్చి తొలి బోస్ ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను చూశారు.

జారుడులో లెక్క

చల్లబడిన పరమాణువుల గుంపును ఇప్పుడు జారవిడుస్తారు. అది పడుతుండగా మూడు లేజర్ పల్స్‌లు కొడతారు. మొదటి పల్స్‌తో ప్రతి పరమాణువూ ఏకకాలంలో రెండు దారులు పడుతుంది. ఒక దారిలో మామూలుగా పడుతుంది, రెండో దారిలో రవ్వంత ఎక్కువ వేగంతో పడుతుంది. సగం పరమాణువులు ఇటు, సగం అటు వెళ్తాయని అర్థం కాదు. ఒక్కో పరమాణువే రెండు దారుల్లోనూ ఉంటుంది. క్వాంటమ్ అనే మాట ఇక్కడ అలంకారానికి వాడింది కాదు, పని జరిగేదే దానివల్ల. రెండో పల్స్ ఆ దారులను ఒకదానివైపు ఒకటి తిప్పుతుంది, మూడోది కలిపేస్తుంది. కలిసినప్పుడు రెండు దారుల తరంగాలు ఎంత తేడాతో వచ్చాయన్నదాన్ని బట్టి ఎన్ని పరమాణువులు ఏ స్థితిలో తేలతాయో నిర్ణయమవుతుంది. ఆ సంఖ్యను కెమెరాతో చూసి లెక్కిస్తే గురుత్వం విలువ బయటపడుతుంది.

పల్స్‌కూ పల్స్‌కూ మధ్య సెకనులో పదో వంతు వ్యవధి ఇస్తే, ఆ కొద్దిసేపట్లో పోగయ్యే తేడా సుమారు రెండున్నర లక్షల తరంగ చుట్లు. అందులో చివరి చుట్టును వెయ్యో వంతు దాకా చదవగలిగితే పాతిక కోట్లలో ఒక వంతు చిక్కినట్టే. వందల సార్లు జారవిడిచి సగటు తీస్తే ఇంకా కిందికి వెళ్లవచ్చు.

స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ కాసెవిచ్, స్టీవెన్ చూ ఈ పద్ధతిని చేసి చూపింది 1991లో. 1999కల్లా చూ బృందం గురుత్వాన్ని వంద కోట్లలో మూడు వంతుల కచ్చితత్వంతో కొలిచింది. 2015లో కాసెవిచ్ ప్రయోగశాలలో, పది మీటర్ల ఎత్తున్న గొట్టంలో, పరమాణువుల రెండు దారులను 54 సెంటీమీటర్ల దూరం జరిపి మళ్లీ కలిపారు. ఒకే పరమాణువు అర మీటరుకు పైగా ఎడం ఉన్న రెండు చోట్ల ఉన్నట్టు.

కో-డైరెక్టర్ల లోకం

కాసెవిచ్, చూ ఆ ప్రయోగం ప్రచురించిన 1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' విడుదలైంది. అందులో ఒక ప్రొఫెసర్ సొంతంగా టైమ్ మెషీన్ తయారుచేస్తాడు. తెలుగు తెరమీద శాస్త్రవేత్త అంటే చాలాకాలం అదే బొమ్మ: చెదిరిన జుట్టు, ఒంటరి మేధావి, ఇంటివెనక ప్రయోగశాల. అసలు ప్రయోగశాల మాత్రం సినిమా సెట్టుకే దగ్గరగా ఉంటుంది. నిధులు తెచ్చే ప్రొఫెసర్ ఒకరు, పీహెచ్‌డీ విద్యార్థులు నలుగురైదుగురు, మధ్యలో ఒకరిద్దరు పోస్ట్‌డాక్‌లు.

ఫిలింనగర్‌కు ఇలా మధ్యలో ఉండే మనిషి బాగా తెలుసు. కృష్ణానగర్‌లో గది తీసుకుని, అసిస్టెంటుగా మొదలై, అసోసియేట్ అయి, చివరికి టైటిల్స్‌లో కో-డైరెక్టర్‌గా పేరు వేయించుకున్నవాడు. షెడ్యూలు అతనిది, సెట్టు అతనిది, నిన్నటి షాటులో హీరో చొక్కా గుండీ ఎన్నోది పెట్టి ఉందో గుర్తుంచుకోవాల్సిందీ అతనే. పోస్టరు మీద పేరు ఇంకొకరిది. బ్యాగులో సొంత కథ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పోస్ట్‌డాక్ స్థానం అచ్చంగా ఇదే. పీహెచ్‌డీ అయిపోయింది, పని వచ్చు, సొంత ప్రయోగశాల ఇంకా రాలేదు. రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద ఇంకొకరి ప్రయోగశాలలో యంత్రాన్ని నిలబెట్టి, దాని మీద తన పేరున నాలుగు మంచి ఫలితాలు తెచ్చుకోవాలి.

ఈ రంగంలో కథ ఓకే అయినవాళ్లు తక్కువేం కాదు. ఎరిక్ కార్నెల్ 1990లో వీమన్ దగ్గరికి పోస్ట్‌డాక్‌గానే వచ్చాడు. అదే ఏడాది జర్మనీ నుంచి వోల్ఫ్‌గాంగ్ కెటర్లె అమెరికాలోని ఎంఐటీలో డేవిడ్ ప్రిచర్డ్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరాడు. 1993లో కెటర్లెకు ఉద్యోగం ఇవ్వడమే కాదు, ప్రిచర్డ్ తన శీతల పరమాణువుల ప్రయోగశాలనే అప్పగించేశాడు, తనతో పోటీ ఉండకూడదని ఆ పని నుంచి తాను తప్పుకున్నాడు. 2001 నోబెల్ బహుమతి కార్నెల్, వీమన్, కెటర్లె ముగ్గురికీ వచ్చింది. ప్రిచర్డ్ పేరు అందులో లేదు. కార్నెల్ దగ్గరికి 1995లో పోస్ట్‌డాక్‌గా వచ్చిన డెబొరా జిన్ తర్వాత సొంత బృందం పెట్టుకుని, 1999లో పొటాషియం పరమాణువులతో ఫెర్మీ వాయువును (ఒకే స్థితిలో రెండు ఇమడని రకం పరమాణువుల గుంపును) క్వాంటమ్ స్థితికి తెచ్చిన తొలి వ్యక్తి అయింది.

పోస్ట్‌డాక్ రోజు ఎలా గడుస్తుంది? సిద్ధాంతాలతో కన్నా గొట్టాలతోనే ఎక్కువ. పరమాణువులను ఉంచే ఉక్కు ఛాంబర్‌లో పీడనం మన గాలి పీడనంలో లక్ష కోట్లలో ఒక వంతు కూడా ఉండకూడదు. గాలి అణువు ఒక్కటి వచ్చి తగిలినా చల్లబడ్డ పరమాణువు ఎగిరిపోతుంది. అందుకని ఛాంబర్‌ను బిగించాక దానిచుట్టూ హీటర్ టేపులు, ఆపైన అల్యూమినియం రేకు చుట్టి, వంద డిగ్రీలకు బాగా పైన రోజుల తరబడి కాలుస్తారు. ఉక్కు గోడల్లో దాగిన తేమ, వాయువులు బయటికి రావాలి. వేడి మరీ త్వరగా పెంచితే గాజు కిటికీ చిట్లుతుంది. ఎక్కడో ఒక బోల్టు సరిగా బిగియకపోతే, చల్లారాక లీకు బయటపడుతుంది. మళ్లీ విప్పడం, మళ్లీ కాల్చడం.

ఆ తర్వాత లేజర్లు. పెద్ద ఉక్కు బల్లమీద వందల అద్దాలు, కటకాలు ఒక్కొక్కటి చేత్తో తిప్పి సరిచేసినవే. గదిలో ఏసీ ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే పొద్దున సరిగా పడిన కిరణం సాయంత్రానికి పక్కకు జరుగుతుంది. ఎవరో గట్టిగా తలుపు వేస్తే లేజర్ తన పౌనఃపున్యం నుంచి జారిపోతుంది. మంచి కొలతలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే వస్తాయి, భవనంలో లిఫ్టులు ఆగి, రోడ్డు మీద లారీలు పలచబడ్డాక. అన్నీ కుదిరిన వేళ చీకటి గదిలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తెరమీద, ఛాంబర్ మధ్యలో ఏ ఆధారమూ లేకుండా తేలుతూ, కొన్ని మిల్లీమీటర్ల తెల్లని చుక్క కనిపిస్తుంది. అందులో కోట్ల పరమాణువులు. మరుక్షణం లేజర్లు ఆరిపోతాయి, చుక్క పడిపోతుంది, ఒక అంకె నమోదవుతుంది. ఒకటి రెండు సెకన్లలో మళ్లీ మొదటి నుంచి. అలా తెల్లారేదాకా.

గచ్చిబౌలి సమీకరణాలు

తెలుగు నేలకు ఈ శాస్త్రంతో సంబంధం పాతది. పరమాణువు ఏ రంగు కాంతిని మింగుతుందో, ఏది వదులుతుందో చదివే విద్య స్పెక్ట్రోస్కోపీ. దానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గట్టి పునాది వేసింది కొచ్చెర్లకోట రంగధామరావు. వాల్తేరులో ఆయన పెంచిన బృందం దేశంలో పేరుమోసింది.

అసలు విశేషం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీది. 1974లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి మారింది. 1977 నుంచి 1995 దాకా అక్కడ ప్రొఫెసర్‌గా ఉన్న గిరీశ్ అగర్వాల్ క్వాంటమ్ ఆప్టిక్స్‌లో ప్రపంచస్థాయి పేర్లలో ఒకటి. 1986లో సూర్యప్రకాశ్ తివారీతో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం, ఒక లేజర్‌తో ఇంకో కాంతి పట్ల పదార్థం ప్రవర్తనను మార్చవచ్చని చూపింది. పదార్థాన్ని కాంతికి పారదర్శకంగా మార్చే విద్యకు తొలి అడుగుల్లో దాన్ని లెక్కిస్తారు.

1990లో అగర్వాల్, ఆర్.ఆర్. పూరీ రాసిన ఇంకో పత్రం నేరుగా సెన్సింగ్‌కు పనికొచ్చేది. పరమాణువులను లెక్కపెట్టేటప్పుడు తప్పనిసరిగా వచ్చే తడబాటు ఒకటుంది. పది లక్షల పరమాణువులతో కొలిస్తే వెయ్యిలో ఒక వంతు తప్పు ఉండి తీరుతుంది, యంత్రం ఎంత బాగున్నా సరే. పరమాణువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా ఉన్నంతకాలం ఇదే హద్దు. వాటిని క్వాంటమ్ బంధంతో ముడివేస్తే ఈ హద్దు దాటవచ్చు. స్పిన్ స్క్వీజింగ్ అని పిలిచే ఈ భావనకు దారితీసిన తొలి పత్రాల్లో వారిదొకటి. 2016లో స్టాన్‌ఫర్డ్ బృందం సుమారు 5 లక్షల పరమాణువులను ఇలా ముడివేసి, కొలతలోని ఆ సహజ గోలను వంద రెట్లు తగ్గించి చూపింది. ఆ పత్రంలో మొదటి పేరు ఓనుర్ హోస్టెన్‌ది. అక్కడ పోస్ట్‌డాక్‌గా ఉన్న ఆయన తర్వాత ఆస్ట్రియాలో సొంత బృందం పెట్టుకున్నాడు.

అదే గచ్చిబౌలి భౌతికశాస్త్ర విభాగంలో ఇప్పుడు యల్లా రామచంద్రరావు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా సాగదీసిన గాజు తంతువుల మీద పనిచేస్తున్నారు. టోక్యోలోని యూనివర్సిటీ ఆఫ్ ఎలక్ట్రో కమ్యూనికేషన్స్‌లో కొహ్‌జో హకుటా బృందంలో ఉండగా, 2012లో, 2014లో ఆయన ప్రచురించిన ప్రయోగాలు ఒక్కో ఫోటాన్‌ను అలాంటి తంతువులోకి ఎలా పట్టాలో చూపాయి. చల్లని పరమాణువులను కాంతితో ముడివేయడానికి చాలా ప్రయోగశాలలు ఇదే తంతువును వాడుతున్నాయి. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ కలిసి పరమాణు, అణు, కాంతి శాస్త్రాలకు ఒక ఉమ్మడి కేంద్రాన్ని నడుపుతున్నాయి.

లారీ వెళ్లినా చెదరని కొలత

ప్రయోగశాలలో అర్ధరాత్రి దాకా ఆగవచ్చు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నిలబెట్టిన యంత్రం ఎప్పటిదాకా ఆగుతుంది? పైన మెట్రో, కింద బస్సులు, నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. గురుత్వంలో వంద కోట్ల వంతు తేడా ఆ వణుకులో ఎక్కడ కలిసిపోతుందో తెలియదు.

దీనికి బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం చేసిన ఏర్పాటు సులువైనది, అమలుచేయడం మాత్రం కష్టం. ఒకే గొట్టంలో, ఒకదాని పైన ఒకటిగా, రెండు పరమాణువుల గుంపులను ఒకే లేజర్‌తో కొలుస్తారు. నేల వణికితే రెండు అంకెలూ ఒకేలా మారతాయి, తీసివేస్తే వణుకు పోతుంది. మిగిలేది పైగుంపుకూ కిందిగుంపుకూ మధ్య గురుత్వం తేడా ఒక్కటే. నేలలో బోలు దగ్గర్లో ఉంటే కిందిగుంపుకు అది ఎక్కువగా తెలుస్తుంది. ఈ పద్ధతితో బర్మింగ్‌హామ్ బృందం ఆరుబయట, రోడ్డు కింద ఉన్న రెండు మీటర్ల సొరంగాన్ని కనిపెట్టి 2022లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. సొరంగం అడ్డంగా ఎక్కడుందో 20 సెంటీమీటర్ల లోపు తేడాతో చెప్పగలిగింది. పాత నాలాలు, ఎవరి మ్యాపులోనూ లేని పైపులైన్ల మీద రోడ్లు వేసుకున్న మన నగరాలకు ఇది అక్కరకొచ్చే విద్య.

ఫ్రాన్స్‌లో 2011లో మొదలైన మ్యూక్వాన్స్ కంపెనీ, ఇప్పుడు ఎగ్జైల్‌లో భాగం, ఇలాంటి గ్రావిమీటర్లను తయారుచేసి అమ్ముతోంది. వాటిలో ఒకదాన్ని 2020లో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం శిఖరానికి సమీపంలో పెట్టారు. బూడిద, కంపనాల మధ్య నెలల తరబడి పనిచేసి, కొండ కడుపులో శిలాద్రవం, వాయువుల కదలికల వల్ల గురుత్వం మారడాన్ని అది నమోదుచేసింది. 2023లో ఇంపీరియల్ కాలేజీ లండన్ ఓ క్వాంటమ్ సెన్సర్‌ను బ్రిటన్ నౌకాదళ ఓడ మీద పరీక్షించింది. జీపీఎస్ సంకేతాలను ఎవరైనా మూసేసినా ఓడ తానెక్కడుందో తెలుసుకోవడం అక్కడి లక్ష్యం. 2018లో నాసా పంపిన కోల్డ్ ఆటమ్ ల్యాబ్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడ పరమాణువులు జారిపోయి అడుగుకు తగలవు కాబట్టి ఎక్కువసేపు గమనించవచ్చు.

దీని హద్దులూ చెప్పుకోవాలి. పైపైన ఉన్న చిన్న బోలూ, లోతున ఉన్న పెద్ద బోలూ నేల మీద దాదాపు ఒకే అంకె చూపగలవు. ఏది ఏదో తేల్చడానికి భూగర్భ శాస్త్రవేత్త, వేరే సర్వేలు కావాలి. వెయ్యి అడుగుల లోతున వేలెడు వెడల్పు పగులులో నీరుందా అంటే చల్లని పరమాణువు కూడా చెప్పలేదు. ఒక ప్రాంతంలో మొత్తంమీద నీరు ఈ ఏడాది ఎంత పెరిగింది, ఎంత తరిగింది అన్నది దాని బలం. బజారులో క్వాంటమ్ పేరు పెట్టి అమ్మే లాకెట్లకూ, నీటిసీసాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదని వేరే చెప్పక్కర్లేదు.

జీతం, చదువు, చోటు

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరుచేసింది. గడువు 2030-31. నాలుగు కేంద్రాల్లో సెన్సింగ్, కొలతల బాధ్యత ఐఐటీ బాంబేది. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్‌సీకి, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాసుకు, పదార్థాలు, పరికరాలు ఐఐటీ ఢిల్లీకి దక్కాయి. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో ఐబీఎం, టీసీఎస్‌లు పెడతామని 2025లో ప్రకటించిన యంత్రం కంప్యూటర్, సెన్సర్ కాదు. పత్రికల్లో రెండూ ఒకే మాట కింద కలిసిపోతుంటాయి.

శీతల పరమాణువులతో పనిచేయాలనుకునే తెలుగు విద్యార్థికి దేశంలో పుణె ఐసర్, బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ, ముంబై టీఐఎఫ్‌ఆర్ వంటి చోట్ల దారి ఉంది. పీహెచ్‌డీ తర్వాత ప్రభుత్వ ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు 2023లో సవరించిన లెక్క ప్రకారం నెలకు 58 వేల నుంచి 67 వేల రూపాయల దాకా, ఆపైన ఇంటి అద్దె భత్యం. అదే వయసులో హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ చేస్తున్న క్లాస్‌మేట్ జీతంతో పోల్చుకుంటే ఇంట్లోవాళ్లకు జవాబు చెప్పడం కష్టమే. ముప్పై దాటిన మనిషికి రెండేళ్లకొకసారి ఊరు మారడం, పెళ్లి సంబంధాల్లో 'పర్మనెంటా?' అన్న ప్రశ్న కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

కంపెనీలూ మెల్లగా వస్తున్నాయి. 2024లో కేంద్రం ఎంపికచేసిన ఎనిమిది క్వాంటమ్ స్టార్టప్‌లలో పుణె నుంచి వచ్చిన క్యుప్రయోగ్ ఆప్టికల్ పరమాణు గడియారాల మీద, ఐఐటీ ఢిల్లీలో పుట్టిన ప్రెనిష్క్ కచ్చితమైన డయోడ్ లేజర్ల మీద పనిచేస్తున్నాయి. పరమాణువును నమ్ముకోవాల్సిన అవసరం దేశానికి ఎంతుందో మన సొంత జీపీఎస్ లాంటి నావిక్ ఉపగ్రహాలు ముందే చెప్పాయి. మొదటి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోవడంతో అది దారి చూపే పనికి పనికిరాకుండా పోయింది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01లో అహ్మదాబాద్‌లో తయారైన స్వదేశీ రుబీడియం గడియారం వెళ్లింది. అది వేడి ఆవిరి గడియారం. చల్లని పరమాణువులది ఆ తర్వాతి తరం.

తెలంగాణలో ఇలాంటి గ్రావిమీటర్‌ను ఒక బావి పక్కన ఏడాది పొడుగునా నిలబెట్టాలంటే ముందుగా తేలాల్సినవి భౌతికశాస్త్రం పుస్తకాల్లో లేని సంగతులు. రుబీడియం 39.3 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఆ వేడి ఉదయం పదకొండుకే దాటుతుంది. వేడెక్కితే ఛాంబర్‌లో రుబీడియం ఆవిరి పెరిగి చల్లని గుంపును చెదరగొడుతుంది, లేజర్ డయోడ్ల రంగు జరుగుతుంది. వ్యవసాయ లైన్ల మీద వోల్టేజీ ఎగుడుదిగుడు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లేజర్లను మళ్లీ లాక్ చేయడం, వానాకాలంలో తేమ, ఎండాకాలంలో దుమ్ము. ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం కావాలి: ఉష్ణోగ్రతను పదో వంతు డిగ్రీలో నిలిపే పెట్టె, మనిషి అవసరం లేకుండా తనంతట తానే లాక్ అయ్యే లేజర్, బ్యాటరీల మీద గంటలకొద్దీ నడిచే పంపు. పోస్ట్‌డాక్ ప్రకటనల్లో అర్హత కింద ఇవేవీ రాయరు. చేరిన మొదటి వారంలోనే చేతికొచ్చే పని మాత్రం వీటిలో ఒకటి.